సూదంటురాయి ముందే చెబుతుందా?

2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు తీరం పొడవునా జనం వీధుల్లోకి వచ్చేశారు. శ్రీకాకుళంలోనూ అంతే. ఇలాంటిది జరిగినప్పుడల్లా వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతుంది: భూమి అయస్కాంత శక్తి మారింది, పెద్దది రాబోతోంది అని.

మాట పాతదే. 1855 నవంబరులో ఎడోను, అంటే ఇప్పటి టోక్యోను, భూకంపం కుదిపింది. అక్కడ ఒక కళ్లద్దాల కొట్టులో పెద్ద సూదంటురాయి ఉండేదట. భూకంపానికి రెండు గంటల ముందు దానికి అంటుకున్న మేకులన్నీ రాలిపోయాయట, తరవాత మళ్లీ అంటుకున్నాయట. దీన్ని నమ్మి ఒక హెచ్చరిక యంత్రాన్ని కూడా రూపొందించారు. కథ బాగుంది గానీ, భూమి అయస్కాంత క్షేత్రం మొత్తం మాయమైనా సూదంటురాయి మేకుల్ని వదలదు. దాని బలం దానిదే.

1968లో జపాన్ శాస్త్రవేత్త రికిటాకె ఇలాంటి పాత నివేదికల్ని వరసగా పేర్చి చూశాడు. తొలినాళ్లలో చెప్పిన మార్పులు భారీగా ఉన్నాయి. అయస్కాంత క్షేత్రాన్ని కచ్చితంగా కొలిచే ప్రోటాన్ మాగ్నెటోమీటర్లు వచ్చాక అవి పది నానోటెస్లాల (క్షేత్రం బలాన్ని కొలిచే చిన్న కొలమానం) దగ్గరికి పడిపోయాయి. పరికరం బాగుపడేకొద్దీ వింత చిన్నదవుతోందన్నమాట. మన జిల్లాల్లో భూమి అయస్కాంత క్షేత్రం 40,000 నానోటెస్లాల పైమాటే. ఎండ ఎక్కి దిగేలోపు అది రోజూ పదుల నానోటెస్లాలు మారుతుంటుంది.

అలాగని ఆలోచన గాల్లోంచి పుట్టలేదు. మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం ఉన్న రాయిని గట్టిగా నొక్కితే దాని అయస్కాంతత్వం కాస్త మారుతుంది. పగుళ్లలో నీరు ఒత్తిడితో కదిలితే సన్నటి కరెంటు పుడుతుంది. 1992లో కాలిఫోర్నియాలో 7.3 తీవ్రతతో లాండర్స్ భూకంపం వచ్చినప్పుడు ఒక నానోటెస్లాకు కాస్త ఎక్కువ మార్పు నిజంగానే నమోదైంది. అయితే అది భూమి కదిలినప్పుడు, ముందు కాదు.

ముందే సంకేతం వచ్చిందనడానికి అందరూ ఉదాహరణగా చూపేది కాలిఫోర్నియాలోనే 1989 అక్టోబరు 17న వచ్చిన లోమా ప్రియెటా భూకంపం, తీవ్రత 6.9. భూకంప కేంద్రానికి 7 కిలోమీటర్ల దూరంలో, కొరాలిటోస్‌లో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఫ్రేజర్-స్మిత్ పెట్టిన అయస్కాంత పరికరం ఒకటి ఉంది. దాన్ని పెట్టింది భూకంపాల కోసం కాదు. రెండు వారాల ముందు దాని సంకేతం పెరిగింది. మూడు గంటల ముందు ఒక్కసారిగా ఎగిసింది. 1990లో దీని మీద ఆయన వ్యాసం వచ్చాక ఇరవై ఏళ్లు దాని మీదే ఆశలన్నీ. 2009లో థామస్, లవ్, జాన్‌స్టన్ అనే శాస్త్రవేత్తలు ఆ రికార్డును వేరేచోటి పరికరాలతో పోల్చి, పరికరంలోనే లోపం ఉండొచ్చన్నారు. అప్పటికే 2004లో కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్ భూకంపం వచ్చి వెళ్లింది. ఏళ్ల తరబడి పరికరాలు బిగించుకుని దాని కోసమే కాచుక్కూర్చున్న చోటది. ముందస్తు అయస్కాంత సంకేతమేదీ దొరకలేదు.

మన దేశంలో ఉత్తరాఖండ్‌లోని ఘుట్టులో 2007 నుంచి అయస్కాంత క్షేత్రం, నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు, నేలలోని నీటి మట్టం వంటివి ఒకేచోట కొలుస్తున్నారు. అక్కడ కొండల్లో పరికరాల్ని కలవరపెట్టే కరెంటు సద్దు తక్కువ. బొంబాయిలో ట్రాములకు కరెంటు వస్తుందనగానే ఆ సద్దుకు భయపడి కొలాబాలోని అయస్కాంత కేంద్రాన్ని 1904లో ఊరికి దూరంగా అలీబాగ్‌కు మార్చేశారు. అలాంటి పరికరాన్ని ఆమదాలవలస స్టేషన్ పక్కన పెడితే అది రైళ్ల టైమ్‌టేబుల్ చెబుతుందేమో!

1917 ఏప్రిల్ 17న విజయనగరం ప్రాంతంలో సుమారు 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది, కాబట్టి భయం పూర్తిగా ఉత్తదని అనలేం. అయితే ఆ మెసేజ్‌లకు తగిలించే గ్రాఫు చాలాసార్లు సూర్యుడి నుంచి వచ్చిన అయస్కాంత తుపానుది. అదే గీత అదే రోజు అలీబాగ్‌లోనూ, జపాన్‌లోనూ కనిపిస్తే, అది శ్రీకాకుళం కింద ఉన్న రాయి పని కాదు.