ఒండ్రు పొరల్లోని బ్యాక్టీరియా, బెంగాల్ బావుల్లోని ఆర్సెనిక్

చెరువుల నీటివల్ల కలరా, అతిసారం సోకి పసిపిల్లలు పెద్దసంఖ్యలో చనిపోతున్న రోజుల్లో, అంటే 1970ల నుంచి, బంగ్లాదేశ్ ప్రభుత్వం యూనిసెఫ్ వంటి సంస్థల తోడ్పాటుతో పల్లెపల్లెకూ గొట్టపు బావులు వేయించి చేతిపంపులు బిగించింది. తర్వాతి కాలంలో కుటుంబాలు సొంత ఖర్చుతో వేయించుకున్నవే ఎక్కువ. ఇసుక పొరల గుండా వడకట్టుకుని వచ్చే నీటిలో రోగక్రిములు ఉండవన్న అంచనా చాలావరకు సరైనదే. అయితే ఆ పొరల్లోనే వేల ఏళ్లుగా బతుకుతూ, తాము స్వయంగా మనుషులకు ఏ జబ్బూ తెచ్చిపెట్టని మరో రకం బ్యాక్టీరియా ఉన్నదని గానీ, దాని జీవనక్రియ బావినీటి స్వభావాన్నే మార్చేస్తుందని గానీ అప్పటికి ఎవరికీ తెలియదు.

1983లో కోల్‌కతాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల వైద్యుడు కె.సి. సాహా, పశ్చిమ బెంగాల్ పల్లెల నుంచి వచ్చిన రోగుల ఒంటిమీద మచ్చలనూ, అరచేతుల్లో, అరికాళ్లలో గట్టిపడిన చర్మాన్నీ చూసి అవి ఆర్సెనిక్ విషలక్షణాలని గుర్తించారు. సరిహద్దుకు ఆవల, బంగ్లాదేశ్ బావుల్లో ఆర్సెనిక్ ఉన్నట్టు 1993లో గానీ నిర్ధారణ కాలేదు. అంతకు ముందు ఏడాది బ్రిటిష్ జియొలాజికల్ సర్వే అక్కడి భూగర్భ జలాలను పరీక్షించింది గానీ, పరీక్షించిన మూలకాల జాబితాలో ఆర్సెనిక్ లేదు. ఆ లోపంపై నడిచిన దావాను 2006లో, అప్పటికి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టివేసింది. న్యాయపరంగా ఆ సంస్థకు బాధ్యత లేకపోవచ్చు. పొరుగు దేశంలో దాదాపు పదేళ్ల కిందటే బయటపడిన విషయం ఒక జాబితాలోకి ఎక్కలేదన్నది మాత్రం మిగిలిపోతుంది. 2001లో వెలువడిన విస్తృత సర్వే ప్రకారం 150 మీటర్ల కన్న తక్కువ లోతున్న బావుల్లో 27 శాతం, లీటరుకు 50 మైక్రోగ్రాములన్న దేశీయ పరిమితిని దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే 10 మైక్రోగ్రాములను ప్రమాణంగా తీసుకుంటే అది 46 శాతం.

ఈ విషం ఏ కర్మాగారం నుంచీ రాలేదు. హిమాలయ శిలలు అరిగి గంగా, బ్రహ్మపుత్ర నదుల వెంట కొట్టుకొచ్చే ఇసుక, ఒండ్రు రేణువులపై తుప్పు వంటి ఐరన్ ఆక్సైడ్ పూత ఉంటుంది. ఆర్సెనిక్ దానికి అంటుకుని వస్తుంది. పూత చెదరనంత కాలం అది నీటిలోకి దిగదు. మరి దిగిందెలా? సాగునీటికి పంపులు పెరిగి భూగర్భ జలమట్టం పడిపోవడంతో గాలి లోపలికి చొరబడి, ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం ఆక్సీకరణ చెంది అందులోని ఆర్సెనిక్ విడుదలవుతోందని మొదట్లో కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. అదే నిజమైతే నీటిలో సల్ఫేట్ పెరగాలి. ఆర్సెనిక్ ఎక్కువున్న బావుల్లో కనబడింది వేరు: ఆక్సిజన్, నైట్రేట్ ఇంచుమించు శూన్యం, సల్ఫేట్ స్వల్పం, కరిగిన ఇనుము పుష్కలం. తోడినప్పుడు తేటగా ఉన్న నీరు బిందెలో కాసేపటికి ఎర్రబారడానికి కారణం ఆ ఇనుమే.

ఈ లక్షణాలను అర్థం చేసుకోవడానికి కావలసిన సూక్ష్మజీవశాస్త్రం కూడా అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటోంది. వరద మైదానంలో ఏటా కొత్త ఒండ్రు పాత మట్టిని కప్పేస్తుంది. దానితోపాటు ఆకూ అలమూ, వేళ్లూ పూడిపోతాయి. వాటిని తిని బతికే బ్యాక్టీరియా ముందుగా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. అది అయిపోయాక, ఆహారం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను నైట్రేట్‌కూ, తర్వాత మాంగనీసు, ఇనుముల ఆక్సైడ్లకూ, ఆపైన సల్ఫేట్‌కూ అప్పగించే జాతులు ఒకదాని తర్వాత ఒకటి పుంజుకుంటాయి. ఏదీ మిగలని చోట మీథేన్ పుడుతుంది. ఈ వరసలో సల్ఫేట్ మెట్టు పందొమ్మిదో శతాబ్దం చివరికే తెలుసు. ఇనుము మెట్టును మాత్రం చాలాకాలం కేవలం రసాయనచర్యగానే చూశారు. అమెరికాలోని పొటోమాక్ నది అడుగు మట్టి నుంచి సూక్ష్మజీవ శాస్త్రవేత్త డెరెక్ లవ్లీ బృందం వేరుచేసిన బ్యాక్టీరియా, ఐరన్ ఆక్సైడ్‌తోనే శ్వాసక్రియ జరుపుకుని పెరుగుతుందని 1987లో తేలింది. తర్వాత జియోబాక్టర్ అని పేరు పెట్టినది దీనికే. ఘనరూపంలోని ఆక్సైడ్ ఇలా ఎలక్ట్రాన్లను అందుకున్నప్పుడు కరిగే ఇనుముగా మారుతుంది, దాన్ని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్‌కు ఆసరా పోతుంది.

బెంగాల్ నీటికి ఈ వివరణను అన్వయించిన ప్రధాన పరిశోధన 1998లో నేచర్ పత్రికలో వచ్చింది. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ లాయిడ్ బృందం పశ్చిమ బెంగాల్ అవక్షేపాలను గాలి చొరబడకుండా ఉంచి, బ్యాక్టీరియాకు ఆహారంగా అసిటేట్ కలిపి చూసింది. ముందు ఇనుము మారింది, ఆ తర్వాతే ఆర్సెనిక్ నీటిలోకి వచ్చింది. ఒకేసారి కాక వెనుకాముందుగా జరగడం గమనించదగ్గది, ఎందుకంటే ఇనుము కరగడం ఒక్కటే చాలదనీ, ఆర్సెనిక్‌నే మార్చే జీవులకూ ఇందులో పాత్ర ఉండవచ్చనీ అది సూచించింది.

పక్కపక్క బావుల్లో కూడా ఒకటి మంచిదై, మరొకటి విషమెందుకు అవుతుందన్న ప్రశ్నకు చాలావరకు జవాబు పొరల వయసులో ఉంది. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికన్న 120 మీటర్ల దాకా దిగువన ఉన్నప్పుడు నదులు లోతైన లోయలు కోశాయి. సముద్రం పెరిగాక ఆ లోయలు కొత్త ఒండ్రుతో, కుళ్లే పదార్థంతో నిండాయి. ఈ బూడిదరంగు ఇసుకలోని బావుల్లోనే ప్రమాదం ఎక్కువ. అంతకన్న పాతవైన నారింజరంగు ఇసుక పొరల్లో తేలిగ్గా అందే ఆహారం ఎన్నడో అయిపోయింది కాబట్టి ఐరన్ పూత నిలిచే ఉంది.

ఈనాటి వాదం ఆ ఆహారం మూలం గురించి. పాతిపడిన పీట్ పొరలే (సగం కుళ్లిన మొక్కల పొరలే) చాలునని ఒక పక్షం అంటుంది. చెరువుల అడుగు నుంచి ఇంకే నీటిలోని సేంద్రియ కార్బన్‌ను సాగుపంపులు కిందికి లాగుతున్నాయని, 2002 నుంచి అమెరికా జలశాస్త్రవేత్త చార్లెస్ హార్వీ బృందం చెబుతూ వస్తోంది. మొదటిది నిజమైతే ఇది వేల ఏళ్లుగా సాగుతున్న సహజ ప్రక్రియ. రెండోదానిలో మనిషి చేతికి వాటా ఉంటుంది. ఈలోగా ఎండాకాలపు వరికి తోడే నీటితో ఆర్సెనిక్ పొలాల్లోకి చేరుతోంది. నీరు నిలిచిన మడిలో ఆక్సిజన్ అడుగంటగానే అవే రకం జీవులు మళ్లీ ఇనుముపై పనిచేయడంతో అది వరి వేళ్లకు అందుతుంది. పొలాల్లో చేరిన దానిలో కొంత భాగాన్ని వర్షాకాలపు వరదనీరు తీసుకుపోతుంది, మిగిలింది పైమట్టిలో పేరుకుంటుంది.