కుళాయి నీళ్ల సంగతి లేఅవుట్ దగ్గరే తేలిపోతుంది: విశాఖ నేల, నీరు – అపోహలు, వాస్తవాలు

విశాఖ చుట్టుపక్కల లేఅవుట్లకు డ్రైనేజీ ప్లాన్లు గీయడం, వేరేవాళ్లు గీసినవి చూసి సరిచేయడం నా పని. ప్లాటు కొనేవాళ్ల నుంచి, కట్టేవాళ్ల నుంచి, ఒక్కోసారి తోటి ఇంజినీర్ల నుంచి కూడా ఈ కింది మాటలు వింటూ ఉంటాను. వీటిని నమ్మి నేలను ఎలా వాడాలో నిర్ణయించేస్తున్నాం. దాని ఫలితం మాత్రం మన బిందెల్లోకి వస్తోంది.

అపోహ: నీళ్లు ఎలా వచ్చినా ఫిల్టర్ ప్లాంటు శుభ్రం చేసేస్తుంది

మామూలు ప్లాంటులో జరిగేది ఇది: నీటికి గాలి పట్టిస్తారు, పటిక కలిపి మడ్డి దించుతారు, ఇసుకలో వడకడతారు, చివర్లో క్లోరిన్ వేస్తారు. బురదకి, సూక్ష్మజీవులకి ఇది బాగా పనిచేస్తుంది. నీళ్లలో కరిగిపోయిన నైట్రేటు, ఉప్పు మాత్రం దీనికి చిక్కవు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మురుగు నుంచీ ఎరువుల నుంచీ వచ్చే ఆ నైట్రేటును జలాశయానికి చేరకముందే, పైన నేల మీదే ఆపాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న నీటిలో క్లోరిన్ వేస్తే ట్రైహాలోమీథేన్లు తయారవుతాయి, అవి ఆరోగ్యానికి మంచివి కావు. ఇక మురుగుతో వచ్చే ఫాస్ఫరస్ గుర్రపుడెక్కకి మేత. విశాఖకి నీళ్లిచ్చే మేఘాద్రిగెడ్డ జలాశయంలో అది పరుచుకున్నప్పుడు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

న్యూయార్క్ నగరం 1997లో పెద్ద ఫిల్టర్ ప్లాంటు ఖర్చు తప్పించుకోవడానికి, తన నీళ్లు పుట్టే క్యాట్‌స్కిల్ కొండల ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. అక్కడ భూములు కొంది, సెప్టిక్ ట్యాంకులు బాగుచేయించింది. నేలను కాపాడుకోవడమే చవకని లెక్కలు వేసి మరీ తేల్చుకుంది.

అపోహ: నిండు మట్టం నుంచి 30 మీటర్లు వదిలాం, ఇంకేం కావాలి?

ఎక్కువగా వినేదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు 2017 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్లు, వాగుకి 9, నాలాకి (వాన నీటి కాలువకి) 2 మీటర్లు వదలాలి. ఇవి కనీస దూరాలు. మేఘాద్రిగెడ్డ జలాశయం నిండేది గట్టు పక్కన వదిలిన 30 మీటర్ల మీద పడ్డ వానతో కాదు. పెందుర్తి, సబ్బవరం, కొత్తవలస వైపు పొలాల మీద, కొండవాలుల మీద పడ్డ వాన గెడ్డలు (మా వైపు వాగులు) పట్టుకుని అక్కడికి చేరుతుంది. ఆ మూడూ ఇప్పుడు మూడు జిల్లాల్లో ఉన్నాయి. నీళ్లకి ఆ హద్దులు తెలియవు.

పాత గ్రామ పటంలో, ఎఫ్‌ఎంబీలో (సర్వే నంబర్ల కొలతలు చూపే రెవెన్యూ పటాల పుస్తకంలో) వంపులు తిరుగుతూ కనిపించే గెడ్డ, లేఅవుట్ డ్రాయింగులోకి వచ్చేసరికి తిన్నటి సిమెంటు కాలువ అయిపోతుంది. పక్కన ‘నాలా’ అని రాసి ఉంటుంది. వాగుగా చూపిస్తే 9 మీటర్లు వదలాలి, నాలాగా చూపిస్తే 2 చాలు. ఒక్కో వైపు 7 మీటర్లు ప్లాట్లలో కలిసిపోతాయి. ఆ 7 మీటర్లలో గడ్డి, తుంగ ఉండేవి. అవి వాన నీటి జోరు తగ్గిస్తే బురద అక్కడే దిగిపోతుంది, బురదని అంటుకున్న ఫాస్ఫరస్ కూడా చాలావరకు అక్కడే ఆగుతుంది. సిమెంటు కాలువలో ఏదీ ఆగదు. అందుకే నేను ఏ డ్రాయింగు చూసినా ముందు ఎఫ్‌ఎంబీ పక్కన పెట్టుకుంటాను.

అడవి మీద, గడ్డినేల మీద పడ్డ వానలో పది నుంచి ముప్ఫై శాతం దాకా పారుతుందని లెక్క వేస్తాం. కాంక్రీటు, తారు మీదైతే 80 నుంచి 95 శాతం. మన కొండలు నిటారు, గెడ్డలు పొట్టి. తొలకరి జల్లు రోడ్డు మీది నూనె, టైర్ల పొడి, చెత్త అంతా కడిగి గంటల్లో కిందికి దించేస్తుంది. ఒక్కో లేఅవుట్ ఫైలు విడిగా చూస్తే అంతా నిబంధనల ప్రకారమే ఉంటుంది. కానీ పరీవాహక ప్రాంతంలో నీరింకని నేల 10 శాతం దాటేసరికే వాగుల్లో ప్రాణులు తగ్గడం మొదలవుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. ఫైలు తర్వాత ఫైలు ఆమోదిస్తూ పోతుంటే ఆ గీత ఎప్పుడు దాటామో లెక్కపెట్టేవాళ్లు ఉండరు. ప్రతి జలాశయం పరీవాహక ప్రాంతానికీ ఇంతకుమించి నేలను కాంక్రీటుతో కప్పకూడదన్న పరిమితి మాస్టర్ ప్లాన్‌లోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఊరికి తొలినాళ్లలో నీళ్లిచ్చిన ముడసర్లోవ జలాశయానికి కంబాలకొండ అడవి ఇంకా పైన కాపలా ఉంది. మేఘాద్రిగెడ్డకి అంత అదృష్టం లేదు.

అపోహ: ఫ్యాక్టరీ రాకపోతే చాలు, ఇళ్లతో ఏం నష్టం?

భూగర్భ డ్రైనేజీ లేని లేఅవుట్‌లో ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు, దాని నీళ్లు నేలలోకి ఇంకే గుంత (సోక్ పిట్), బోరు ఉంటాయి. మన కింద ఉన్నది ఖొండలైటు రాయి, నీళ్లు దాని పగుళ్లలోనే నడుస్తాయి. సోక్ పిట్ నీళ్లకీ, బోరు నీళ్లకీ దారి ఒకటే అయ్యే వీలుంది. వందల ఇళ్లు పక్కపక్కనే వచ్చినచోట ఇది చిన్న విషయం కాదు.

అపోహ: తీరంలో ఇసుక నేల ఖాళీదే, కట్టుకుంటే తప్పేంటి?

ఆ ఇసుక, ఎర్రమట్టి వాన నీటిని ఇట్టే తాగుతాయి. తీరంలో నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం 1 మీటరు పడిపోతే, కింద ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి రాగలదు. పైన కాంక్రీటుతో ఇంకకుండా చేసి, కింద బోర్లతో తోడుతుంటే జరిగేది ఇదే. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది వాటి భూగర్భ చరిత్రను చూసి. నీటి కోణంలోనూ వాటికి అంతే విలువ ఇవ్వాలి.

అపోహ: ఇంకుడు గుంత తవ్వాం, మా బాధ్యత తీరిపోయింది

డాబా మీది నీళ్లు పంపండి, మంచిదే. పార్కింగు, రోడ్డు నీళ్లు వడపోత లేకుండా దాంట్లోకి వదిలితే నూనెను మన చేత్తో మనమే భూగర్భ జలాల్లో కలిపినట్టు.

అపోహ: మాస్టర్ ప్లాన్ వచ్చేశాక మనం చేసేదేం లేదు

ఒక సర్వే నంబరు భూ వినియోగం మార్చాలంటే ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు తీసుకుంటారు. ‘పర్యావరణం పాడవుతుంది’ అని రాస్తే పక్కన పడేస్తారు. సర్వే నంబరు, ఎఫ్‌ఎంబీ నకలు, గెడ్డ పోయే దారి, అది కలిసే చెరువు పేరు జతచేయండి. మురుగు ఎక్కడికి పోతుందో, వాన నీళ్లు ఎక్కడికి పోతాయో విడివిడిగా అడగండి. ప్లాటు కొనేటప్పుడు కూడా ఈ రెండే అడగండి, జవాబు డ్రాయింగు మీద చూపించమనండి.