వజ్రం పొడి మింగితే చచ్చిపోతారా?

గోల్కొండలో రాజహత్య అంటే ముందు గుర్తొచ్చేది 1543. నమాజులో ఉన్న ముసలి సుల్తాన్ కులీని చంపించింది కొడుకు జంషీదేనని చరిత్ర చెబుతుంది. అక్కడ మిస్టరీ పెద్దగా లేదు. రాజులకు అసలు టెన్షన్ పెట్టింది కత్తి కాదు, కంచంలోని విషం.

సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా సెలడాన్ పాత్రలు ఉన్నాయి, పూత పూసి కాల్చిన లేత ఆకుపచ్చవి. విషం కలిసిన అన్నం తగిలితే ఇలాంటి పళ్లెం పగిలిపోతుందని, లేదా రంగు మారుతుందని ఒకప్పటి రాజకుటుంబాలు నమ్మేవి. ఆ పచ్చదనం పూతలోని కాస్త ఇనుముది. కొలిమిలో ఆక్సిజన్ తగ్గించి కాలిస్తే ఆ రంగు తేలుతుంది. గాజులా బిగిసిపోయిన ఆ పూతను పాషాణం (ఆర్సెనిక్ విషం) ఏమీ చేయలేదు. పళ్లెం చెక్కుచెదరదు, తిన్నవాడు పోతాడు.

రెండో నమ్మకం మన గోల్కొండ సరుకు మీదే: వజ్రం పొడి ప్రాణం తీస్తుందని. వజ్రమంటే ఒట్టి కార్బన్. కడుపులోని ఆమ్లానికి కరగదు, రక్తంలోకి పోదు. ఆయుర్వేదంలోని రసశాస్త్రంలో వజ్రభస్మం మందు కూడా! అదే రాయి ఒకచోట విషం, ఇంకోచోట ఔషధం.

ఈ వజ్రం పొడి ఒకసారి ఏకంగా విచారణకే ఎక్కింది. మన కోఠీ రెసిడెన్సీలో లాగే బరోడాలోనూ బ్రిటిష్ ప్రతినిధిగా ఒక తెల్లదొర ఉండేవాడు, కర్నల్ ఫేర్. మహారాజు మల్హర్‌రావు గైక్వాడ్‌కూ ఆయనకూ పడేది కాదు. 1874 నవంబర్ 9న పొద్దున వాకింగ్ నుంచి వచ్చిన ఫేర్, రోజూ తాగే పంపరపనస షర్బత్ రెండు మూడు గుక్కలు తాగాడు. కాసేపటికి కడుపులో తిప్పింది. మిగతాది పారబోశాక చూస్తే గ్లాసు అడుగున నల్లటి మడ్డి. డాక్టర్ పరీక్షిస్తే అందులో ఆర్సెనిక్ తేలింది, మెరిసే రేణువులూ కనబడ్డాయి. వజ్రం పొడి కూడా కలిపారన్నది మహారాజుపై ఆరోపణ. అది నిజమే అయినా, హంతకుడికి ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు. పని చేసేది ఆర్సెనిక్కే.

తెల్ల పాషాణానికి వాసన లేదు, చెప్పుకోదగ్గ రుచీ లేదు. శరీరంలో ఎంజైముల గంధకాన్ని పట్టుకుని, కణాలకు శక్తి పుట్టే దారిని మూసేస్తుంది. వాంతులు, విరేచనాలతో మనిషి పోతే ఆ రోజుల్లో కలరా అనుకుని పూడ్చేసేవారు.

దాని గుట్టు విప్పింది ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త జేమ్స్ మార్ష్. 1832లో ఇంగ్లండ్‌లో ఒక విషప్రయోగం కేసులో ఆర్సెనిక్ ఉందనడానికి ఆయన చూపిన పసుపు అవక్షేపం (అడుగున పేరుకునే మడ్డి) జ్యూరీ ముందుకొచ్చేసరికి పాడైంది, నిందితుడు బయటపడ్డాడు. ఆ కసితో 1836లో మార్ష్ కొత్త పరీక్ష ప్రకటించాడు. జింకు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న సీసాలో అనుమానం ఉన్న పదార్థం వేస్తే, పుట్టే హైడ్రోజన్‌తో ఆర్సెనిక్ కలిసి ఆర్సీన్ వాయువవుతుంది. సన్నటి గాజు గొట్టంలో దాన్ని వేడిచేస్తే ఆర్సెనిక్ విడిపోయి, గొట్టం చల్లగా ఉన్నచోట నల్లగా, అద్దంలా మెరుస్తూ పేరుకుంటుంది. మిల్లీగ్రాములో యాభయ్యో వంతున్నా పట్టేస్తుంది.

ఇప్పుడు శవంలో ఏ లోహం ఎంతుందో యంత్రాలే లెక్కగడతాయి. జుట్టులో గంధకం ఎక్కువ కాబట్టి ఆర్సెనిక్ అందులో చిక్కుకుంటుంది. నెలకు దాదాపు సెంటీమీటరు పెరిగే వెంట్రుకను ముక్కలుగా పరీక్షిస్తే, విషం ఎప్పుడెప్పుడు లోపలికి పోయిందో అంచనా కట్టొచ్చు. 1908లో పోయిన చైనా చక్రవర్తి గ్వాంగ్‌షూ వెంట్రుకలను ఇలాగే పరీక్షించి, ఆయనది ఆర్సెనిక్ చావని 2008లో ప్రకటించారు. పెట్టిందెవరో వెంట్రుక చెప్పదు కదా, ఆ వాదన నడుస్తూనే ఉంది.

బరోడాలోనూ అదే చిక్కు. గ్లాసులో ఏముందో రసాయనశాస్త్రం చెప్పింది. ఎవరు వేయించారో చెప్పాల్సింది నౌకర్లు, మహారాజు కార్యదర్శి. పోలీసులు చెప్పించిన మాటలేనని డిఫెన్స్ లాయర్ బాలెంటైన్ వాటిని చీల్చి చెండాడాడు. 1875లో ఆరుగురు సభ్యుల విచారణ కమిషన్ రెండుగా చీలింది: ముగ్గురు ఇంగ్లీషువాళ్లు మహారాజే చేయించాడన్నారు, గ్వాలియర్, జయపూర్ రాజులూ గ్వాలియర్ మాజీ దివాన్ దినకర్‌రావూ నేరం రుజువు కాలేదన్నారు. ఏప్రిల్‌లో మల్హర్‌రావును గద్దె దించేశారు. కారణంగా చూపింది మాత్రం విషాన్ని కాదు, పాలన బాగాలేదని. ఆయన్ని మద్రాసుకు పంపేశారు, 1882లో అక్కడే పోయాడు.