కుక్కపిల్ల పళ్ళు మారే నెలలు

నాలుగైదు నెలల కుక్కపిల్ల ఉన్న ఇంట్లో ఊడుస్తుంటే, అప్పుడప్పుడు చీపురుకి బియ్యపు గింజంత తెల్లటి ముక్క తగులుతుంది. పారేసే ముందు దాన్ని ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ఒక కొన నున్నగా, సూదిలా ఉంటుంది. రెండో కొన బోలుగా, అంచులు గరుకుగా ఉంటాయి, కాస్త నెత్తురు మరక కూడా ఉండొచ్చు. అది పాలపన్ను. ఊడిపడ్డాక దానికి వేరు కనబడదు. విరిగి చిగురులో ఉండిపోయిందని కంగారు పడనక్కర్లేదు, ఆ వేరు లోపలే కరిగిపోయింది. డైనింగ్ టేబుల్ కాళ్ళు, సోఫా మూలలు ఆ నెలల్లోనే ఎందుకు పాడవుతాయో తెలియాలంటే ఆ వేరు ఏమైందో తెలుసుకోవాలి.

కుక్కపిల్ల పళ్ళు లేకుండా పుడుతుంది. మూడో వారం నుంచి పాలపళ్ళు మొలవడం మొదలై, రెండు నెలలు నిండేలోపు 28 వచ్చేస్తాయి. పెద్దయ్యాక ఉండాల్సినవి 42. అంటే 28 రాలిపోవాలి, వాటి చోట కొత్తవి రావాలి, వాటికి తోడు ఇంకో 14 కూడా మొలవాలి. మన పిల్లలకి ఆరో ఏట మొదలైన ఈ మార్పు పన్నెండో ఏడు దాకా నిదానంగా సాగుతుంది. కుక్కపిల్లకి మాత్రం అంతా మూడు నాలుగు నెలల్లో అయిపోతుంది. మూడున్నర, నాలుగు నెలల వయసులో ముందుపళ్ళు కదులుతాయి, ఐదారు నెలలకి కోరపళ్ళు మారతాయి, ఏడో నెలకల్లా వెనక దవడపళ్ళు కూడా వచ్చేస్తాయి.

చిగురు లోపల జరిగే పని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. దవడ ఎముకలో కొత్త పన్ను పెరుగుతూ పాలపన్ను వేరును సమీపించేసరికి, అక్కడికి ప్రత్యేకమైన కణాలు చేరతాయి. అవి ఆమ్లాన్ని, ఎంజైములని విడుదల చేస్తూ పాలపన్ను వేరుని కొంచెం కొంచెంగా కరిగిస్తాయి. ఇలాంటి కణాలే ఎముకని కూడా కరిగించి కొత్త పన్నుకి దారి చేస్తాయి. పట్టు పోయిన పాలపన్ను వదులై ఊడుతుంది. చాలావరకు తిండితో పాటు కడుపులోకే పోతుంది, దానివల్ల ఏ హానీ లేదు. ఈలోగా చిగుళ్ళు వాచి ఎర్రబడతాయి. కొరికిన బొమ్మ మీద చుక్క నెత్తురు కనబడితే అది మామూలే.

వాచిన చిగురు మీద ఏదైనా నొక్కితే కాసేపు హాయిగా ఉంటుంది. అలా నొక్కుకోవడానికి పిల్లకి చేతులు లేవు, ఉన్నది నోరే. మరీ రాయిలా కాకుండా పంటికి కాస్త లొంగే వస్తువు దానికి కావాలి. చెక్క సరిగ్గా అలాంటిదే. అందులోనూ కుర్చీ కాలు, మంచం కోడు దాని మూతికి అందే ఎత్తులోనే ఉంటాయి. చెప్పులు, టీవీ రిమోట్, సోఫాలో మనం చెయ్యి ఆనించే చోటు ఎందుకు ఇష్టమంటే, వాటినిండా మన వాసన ఉంటుంది. ఇంట్లో వాళ్ళ మీద కోపంతో చెప్పులు కొరికిందని అనుకోవడం ఆ పిల్లకి అన్యాయం చేయడమే.

తిట్లు, దెబ్బలు ఎందుకు పనిచేయవో కూడా ఇక్కడే చెప్పాలి. ఆఫీసు నుంచి వచ్చి చూస్తే టీపాయ్ అంచు పొట్టుపొట్టుగా ఉంటుంది. అరిచేసరికి కుక్కపిల్ల చెవులు వెనక్కి వాల్చి, చూపు తిప్పేసుకుని, ఒదిగి కూర్చుంటుంది. “చూశారా, తప్పు చేశానని దానికి తెలుసు” అంటాం. అమెరికా శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగం ఈ మాటనే పరీక్షించింది. 14 కుక్కల యజమానులు తినొద్దని చెప్పి, తినుబండారం అక్కడే ఉంచి గది బయటికి వెళ్ళారు. తిరిగి వచ్చాక కుక్క తిన్నదో లేదో వాళ్ళకి కొన్నిసార్లు నిజం చెప్పారు, కొన్నిసార్లు అబద్ధం చెప్పారు. ఆ తప్పు చేసిన చూపు కుక్క తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో అది ఇంకా ఎక్కువగా కనిపించింది. మనం పశ్చాత్తాపం అనుకునేది మన కోపాన్ని చూసి పుట్టిన బెదురే. గంట క్రితం కొరికిన టీపాయ్‌కీ ఇప్పటి అరుపుకీ సంబంధం దానికి తెలియదు. మనం ఇంటికి వస్తే భయం అన్నది మాత్రం నేర్చుకుంటుంది. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

కాబట్టి చేయాల్సిన పని కుక్కపిల్ల నోటికి ఏది అందుతుందో చూసుకోవడం. ఇంట్లో ఎవరూ గమనించలేని వేళల్లో దాన్ని ఇల్లంతా వదలకుండా, గేటు పెట్టిన ఒక గదిలోనో, కంచె కట్టిన మూలనో దాని బొమ్మలతో ఉంచండి. చెప్పులు స్టాండు పైఅరలోకి పోవాలి. పాత చెప్పు ఒకటి ఆడుకోవడానికి ఇవ్వడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. పాతదేదో కొత్తదేదో అది ఎలా పోల్చుకుంటుంది? కుర్చీ కాలు నోట్లో పెట్టుకున్నప్పుడు పట్టి లాగకుండా, దాని ముందు బొమ్మ ఆడించి అది పట్టుకోగానే మెచ్చుకోండి. నోట్లోది బలవంతంగా లాక్కుంటూ ఉంటే, దొరికిన వస్తువుని మంచం కిందకి తీసుకుపోయి దాచుకోవడం, గబుక్కున మింగేయడం అలవాటవుతుంది.

వాచిన చిగుళ్ళకి చల్లదనం బాగా పనిచేస్తుంది. శుభ్రమైన నూలు గుడ్డని తడిపి, మెలితిప్పి, ఫ్రీజర్లో పెట్టి ఇవ్వండి. దగ్గరే కూర్చోండి, పోగులు ఊడితే తీసేయండి. ఏది కొనిచ్చినా ముందు గోటితో గట్టిగా నొక్కి చూడాలి. కొంచెమైనా నొక్కు పడకపోతే అది పంటిని విరగ్గొట్టేంత గట్టిది. జింక కొమ్ములు, గిట్టలు ఈ పరీక్షలో నిలవవు. ఆదివారం మటన్ కూరలోని బొమికలు అసలే వద్దు. ఉడికిన ఎముక చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. పైగా ఆ మసాలాలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి.

కుర్చీ కాళ్ళకి కారం రాయమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. దయచేసి రాయకండి. కారం రుచి కాదు, మంటని పసిగట్టే నాడుల్ని రేపే రసాయనం. అది ముక్కుకి, కళ్ళకి, అప్పటికే పుండులా ఉన్న చిగుళ్ళకి తగిలితే ఆ పిల్ల పడే బాధ ఊహించండి. పెంపుడు జంతువుల దుకాణాల్లో చేదు స్ప్రేలు దొరుకుతాయి. వాటిలో కొన్నింట్లో వాడేది డినటోనియం, 1958లో స్కాట్లాండ్‌లో నొప్పి తెలియకుండా ఒక చోట మొద్దుబార్చే మందుల మీద పని చేస్తుండగా బయటపడ్డ అతి చేదు పదార్థం. కొన్ని కుక్కలు దానికి వెనక్కి తగ్గుతాయి, కొన్ని లెక్కచేయవు. నమలడానికి వేరే వస్తువు ఇవ్వకుండా స్ప్రే ఒక్కటే కొడితే పిల్ల పక్క కుర్చీకి మారుతుంది, అంతే.

నిద్ర సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ వయసు పిల్లకి రోజులో 16 నుంచి 20 గంటల నిద్ర కావాలి. ఇంట్లో పిల్లలందరూ ఎత్తుకుని ఆడిస్తూ నిద్ర చాలకపోతే సాయంత్రానికి చిరాకెత్తి కనిపించినదల్లా కొరుకుతుంది. అప్పుడు ఇంకా ఆడించకూడదు, ప్రశాంతమైన చోట పడుకోబెట్టాలి. టీకాలు పూర్తికాక బయట తిప్పలేని వారాలు కూడా ఇప్పుడే వస్తాయి. కిబుల్ (కుక్కల పొడి తిండి) గింజలు ఒక పాత తువ్వాలు మడతల్లో దాచి వాసన పట్టి వెతుక్కోనిస్తే, దాని ముక్కుకీ బుర్రకీ పని దొరుకుతుంది.

ఫర్నిచర్ పోతే మళ్ళీ చేయించుకోవచ్చు. నాకు అసలు భయం కరెంటు వైర్లతోనే. ప్లగ్గులో ఉన్న ఛార్జర్ తీగ కొరికితే నోరు కాలడమే కాదు, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, పైకి బాగానే ఉన్నా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. సాక్సులు, మొక్కజొన్న కంకి మింగితే పేగులకి అడ్డం పడతాయి. పెరట్లో గన్నేరు విషం. పళ్ళ నొప్పికని మనుషుల మాత్రలు గానీ, చిగుళ్ళకి రాసే మన జెల్ గానీ వాడొద్దు.

పిల్ల పళ్ళు మన చేతికి గీసుకుని నెత్తురు వస్తే “చిన్నపిల్లే కదా” అని వదిలేయకండి. రేబీస్ టీకా దానికి మూడు నెలల వయసులో వేస్తారు, అంతవరకు దానికి రక్షణ లేదు. గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. ఎంత గట్టిగా కొరకకూడదో పిల్ల నేర్చుకునేది తోడపుట్టిన పిల్లలతో ఆడుతూనే. ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట ఆపేస్తుంది. 45 రోజులకే తల్లి నుంచి విడదీసిన పిల్లకి ఆ చదువు సగంలోనే ఆగిపోతుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. కొనేవాళ్ళు ఈ ఒక్క విషయంలో పట్టుపడితే బాగుంటుంది.

ఏడో నెలలో పెదవి పైకెత్తి నోరు చూడండి. పామరేనియన్, షిట్జు లాంటి చిన్న జాతుల్లో కొత్త కోరపన్ను వచ్చినా పాలకోర ఊడకుండా దాని పక్కనే నిలబడి ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఆ రెండింటి సందులో తిండి ఇరుక్కుని చిగురు చెడుతుంది, కొత్త పన్ను వంకర తిరుగుతుంది. ఆ పాలకోరని వెటర్నరీ డాక్టరే మత్తు ఇచ్చి తీయాలి. దాని వేరు పొడవుగా, సన్నగా ఉంటుంది, ఇంట్లో పీకబోతే విరిగి లోపల ఉండిపోతుంది. ఎలాగూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలనుకుంటే, ఆ మత్తులోనే పన్ను కూడా తీయించేయమని ముందే అడగండి.