ముక్కు కొన మీద పొక్కు

"నుదుటి మీద అక్కి లేచింది. చర్మం డాక్టర్ మందులు రాసి, ఈరోజే కంటి డాక్టర్‌కు కూడా చూపించుకోమన్నారు. కంట్లో నాకు ఏ ఇబ్బందీ లేదు, మరెందుకు?" అని ఒక పాఠకురాలు అడిగారు. జవాబంతా ట్రైజెమినల్ అనే అయిదో కపాల నాడిలో (మెదడు నుంచి నేరుగా బయల్దేరే నాడుల్లో అయిదోదానిలో) ఉంది.

ముఖం మీద స్పర్శ, నొప్పి, వేడి, చలి మెదడుకు చేరేది ఈ నాడి ద్వారానే. నమిలే కండరాలను ఆడించేదీ ఇదే. ఆఫ్తాల్మిక్, మాక్సిలరీ, మాండిబ్యులర్ అని దీనికి మూడు కొమ్మలు. పరీక్షల కోసం విద్యార్థులు వీటి పేర్లు బట్టీ పడతారు కానీ, నాకు అన్నిటికంటే ఇష్టమైనది మొదటి కొమ్మకు పుట్టిన చిన్న పాయ, నాసోసీలియరీ నాడి.

దాని దారి చూడండి. వెనక నుంచి కంటి గుంటలోకి వస్తుంది. చూపు నాడిని పైనుంచి దాటి ముక్కు వైపు గోడకు చేరుతుంది. పోతూ పోతూ నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియాకు, దాని వెనకున్న రంగు పొర ఐరిస్‌కు సన్నని పోగులు ఇస్తుంది. అక్కడితో ఆగదు. ఎముకలోని చిన్న సందు గుండా మళ్లీ పుర్రెలోకి పోయి, మెదడు కింద కాస్త దూరం నడిచి, చిల్లులున్న ఎముక పలకలోంచి ముక్కులోకి దిగుతుంది. ముక్కు ఎముకా మెత్తటి ఎముకా కలిసే చోట బయటపడి, ముక్కు కొన చర్మంలో అంతమవుతుంది. ఎంత చుట్టు ప్రయాణమో!

అంటే కార్నియా, ముక్కు కొన ఒకే కాలువ కింది రెండు మడులు. శివారు మడిలోకి చెత్త కొట్టుకొచ్చిందంటే ఎగువ మడిలోకీ వచ్చి ఉండవచ్చు, వెళ్లి చూడాల్సిందే.

ఇక్కడ కొట్టుకొచ్చేది వైరస్. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గాక వేరిసెల్లా జోస్టర్ వైరస్ ఒంట్లోంచి పోదు, నాడీకణాల గుంపుల్లో దాక్కుంటుంది. పుర్రె అడుగున ఉండే ట్రైజెమినల్ గాంగ్లియన్ అలాంటి గుంపే. వయసు మీద పడినప్పుడో, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో అది మేల్కొని ఒక పక్క నాడి పోగుల వెంట చర్మానికి దిగి అక్కిగా లేస్తుంది. అక్కి సాధారణంగా ఒక పక్కకే పరిమితమై, నుదుటి నడిమి గీత దాటకపోవడానికి కారణం ఇదే. ముక్కు కొనకు లేదా పక్కకు పొక్కులు వస్తే కంటికి ముప్పు ఎక్కువని 19వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ వైద్యుడు జోనాథన్ హచిన్సన్ గమనించారు. ఆ గుర్తుకు ఇప్పటికీ ఆయన పేరే. అయితే ముక్కు శుభ్రంగా ఉన్నంత మాత్రాన కన్ను క్షేమమని కాదు. నుదుటి చర్మానికి పోయేదీ ఆ మొదటి కొమ్మే కాబట్టి, నుదుటి మీద అక్కి అంటేనే కన్ను చూపించుకోవాలి.

మన ఊళ్లలో అక్కి లేస్తే ఎర్రమట్టితో రాయించుకునే అలవాటు ఉంది. పొక్కులు కొన్ని వారాల్లో వాటంతటవే ఎండుతాయి కాబట్టి గొప్ప మట్టికి దక్కుతుంది. ఒంటి మీద అక్కికే అది మంచిది కాదు, కంటి దగ్గర అక్కికి మరీ ప్రమాదం. వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ లాంటి మందులు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. రాయించుకుని ఆగి చూద్దాం అనుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

కంటి డాక్టర్ చేసే పరీక్షల్లో ఒకటి చాలా అందమైనది. దూది కొసను సన్నగా పురి తిప్పి, పేషెంటును అటు చూడమని, పక్క నుంచి తెచ్చి కార్నియా అంచుకు తాకిస్తారు. రెప్ప వెంట్రుకలకు గానీ తెల్లగుడ్డుకు గానీ తగలకూడదు. తాకగానే రెండు కళ్లూ మూసుకోవాలి. కబురు తీసుకెళ్లేది అయిదో నాడి, రెప్ప వేయించేది ఏడో నాడి. తాకిన కన్ను మూసుకోక రెండోది మూసుకుంటే కబురు చేరినట్టే, లోపం తాకిన వైపు ఏడో నాడిది. ఏదీ మూసుకోకపోయినా, రెండో కంటిని తాకితే రెండూ మూసుకుంటే, మొదటి వైపు అయిదో నాడి దెబ్బతిన్నట్టు.

అక్కి ఈ స్పర్శనే తినేయగలదు. మొద్దుబారిన కార్నియా మీద నలక పడినా, పుండు పడినా నొప్పి తెలియదు. కంట్లో ఇబ్బంది లేదన్న మాటను డాక్టర్ అలాగే నమ్మి వదిలేయనిది ఇందుకే. చర్మం మీద మచ్చలు మానిపోయాక కూడా, చెప్పిన తేదీలకు కన్ను చూపించుకుంటూ ఉండాలి.