కొలంబియా నదిలో సాల్మన్ సీజన్లు: 1855 నుంచి తెగని పంపకం

అమెరికాలోని కొలంబియా నదిలో సాల్మన్ వేట మీద గొడవ ఎప్పుడు రేగినా తేదీల దగ్గరే మొదలవుతుంది. ఈ వారం ఎవరి వలలు దిగాలి, ఎన్ని గంటలు ఉండాలి అని. అసలు చిక్కు చేప వచ్చే వరసలో ఉంది. మన పులసలాగే సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి ఎదురీదుతుంది. దిగువనున్న వాణిజ్య పడవలకు ముందు అందుతుంది, అవి వదిలిందే పైకి వస్తుంది. యాకమా, ఉమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పర్స్ అనే మూలవాసీ తెగలు వేటాడేది ప్రధానంగా ఎగువన.

1855 జూన్‌లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందాల్లో ఈ తెగలు లక్షలాది ఎకరాలు వదులుకున్నాయి. తరతరాల వేటచోట్లలో చేప పట్టే హక్కును మాత్రం వదులుకోలేదు. 1866లో నది ఒడ్డున మొదటి డబ్బా చేపల ఫ్యాక్టరీ వచ్చింది. 1883 నాటికి సాల్మన్‌లో పెద్ద రకమైన చినూక్ ఒక్కటే సుమారు 19,500 టన్నులు పట్టారు. ఒడ్డు భూములు కొన్న వైనన్స్ సోదరులు, ప్రవాహానికి తిరుగుతూ చేపను ఎత్తిపోసే చక్రాలు బిగించి, యాకమాలను నదికి రానివ్వలేదు. 1905లో సుప్రీంకోర్టు తెగల పక్షాన నిలిచింది: ఆ హక్కు ప్రభుత్వం దయతో ఇచ్చినది కాదు, తెగలు తమ దగ్గరే ఉంచుకున్నది.

అయినా 1918లో ఓరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాలు ఉమ్మడి నియమాల కోసం చేసుకున్న కొలంబియా రివర్ కాంపాక్ట్‌లో తెగలకు చోటు లేదు. ఆ తర్వాత ఆనకట్టలు వచ్చాయి: 1938లో బోన్‌విల్, 1957లో డాలస్. డాలస్ జలాశయం కింద సిలైలో జలపాతం, దానితో పాటు అక్కడి వేట మంచెలూ మునిగిపోయాయి. చేప తగ్గినప్పుడల్లా సంరక్షణ పేరుతో కోత వరసలో చివరనున్న తెగల మీద పడేది. ఇది అన్యాయమని 1968లో పద్నాలుగు మంది యాకమాలు కేసు వేశారు. 1969లో జడ్జి బెలోని, తెగలకు న్యాయమైన వాటా చేరేలా రాష్ట్రాలు సీజన్లు నిర్ణయించాలని తీర్పిచ్చారు. 1974లో వాషింగ్టన్ తెగల కేసులో జడ్జి బోల్ట్ ఆ వాటాను సగంగా తేల్చారు. కొలంబియాకూ అదే వర్తించింది. 1977లో నాలుగు తెగలూ సొంత మత్స్య కమిషన్ పెట్టుకున్నాయి.

ఇప్పుడు బోన్‌విల్ దిగువన ఐదు జోన్లు ఇతరుల వాణిజ్య వేటకు. బోన్‌విల్ నుంచి మెక్‌నేరీ ఆనకట్ట దాకా సుమారు 235 కిలోమీటర్ల జోన్ 6లో వాణిజ్య వేట తెగలకు మాత్రమే. జూన్ 15 దాకా వసంత సీజన్, జులై 31 దాకా వేసవి, ఆగస్టు 1 నుంచి శరత్కాలం. ముందుగా ఒక అంచనా వేస్తారు. తర్వాత చేప ఆనకట్ట దాటేందుకు బోన్‌విల్ దగ్గర కట్టిన మెట్ల మీద లెక్కించిన సంఖ్యను బట్టి, రాష్ట్రాల, తెగల, కేంద్ర శాస్త్రవేత్తల కమిటీ దాన్ని సవరిస్తుంది.

ఇక్కడే పొరపాటుకు తావుంది. నీరు చల్లగా, ఉధృతంగా ఉంటే చేప ఆలస్యంగా వస్తుంది. మెట్ల దగ్గర తక్కువ కనబడుతుంది. నిజంగా తగ్గిందా, ఆలస్యమైందా అన్నది వెంటనే తేలదు. దిగువ వేట ఆ లెక్క రాకముందే మొదలవుతుంది కాబట్టి, వసంతంలో అంచనా నుంచి 30 శాతం పక్కన పెట్టి మిగిలిన దాని మీదే ఇతరుల వేటకు పరిమితి కడతారు. ఈ జాగ్రత్త తప్పనిసరి. అంచనా తప్పి దిగువన ఎక్కువ పట్టేస్తే ఆ చేపను పైకి తిరిగి పంపే దారి లేదు.

రెండో చిక్కు కలగలుపు. 1991, 1992లలో కొలంబియా ఉపనది స్నేక్‌కు చెందిన సాకై (మరో సాల్మన్ రకం), చినూక్ చేపలు అంతరించే ముప్పున్న జాతుల జాబితాకెక్కాయి. అవి హ్యాచరీల్లో, అంటే పిల్లల్ని పొదిగించి పెంచే కేంద్రాల్లో పుట్టిన చేపలతో కలిసే ఈదుతాయి. చాలా హ్యాచరీ చేపలకు వీపు మీద తోక దగ్గరి చిన్న రెక్క కత్తిరిస్తారు. గాలానికి పడ్డదైతే రెక్క చూసి నదిలో సహజంగా పుట్టిన చేపను వదిలేయొచ్చు, గిల్‌నెట్ అనే వలకు మొప్పల దగ్గర చిక్కినది బతకడం కష్టం. శరత్కాలంలో ఎనిమిది అంగుళాల కన్నున్న వల పెద్ద చినూక్‌ను పట్టి సాల్మన్‌కు దగ్గరి చుట్టమైన స్టీల్‌హెడ్ చేపల్లో చిన్నవాటిని పోనిస్తుంది. ఎగువనున్న ఐడహో రాష్ట్రానికి వెళ్లే 78 సెంటీమీటర్లు, ఆపైన ఉండే స్టీల్‌హెడ్ మాత్రం ఇందులోనూ చిక్కుతుంది. దానికి విధించిన పరిమితి నిండితే, చినూక్ పుష్కలంగా ఉన్నా తెగల వలలు ఎత్తేయాల్సిందే. ఈ పంపకం మీద రాష్ట్రాలు, తెగలు, కేంద్రం మధ్య ఉన్న ప్రస్తుత ఒప్పందం 2018–2027 కాలానిది. ఆ తర్వాతి ఒప్పందంలో ఈ స్టీల్‌హెడ్ భారం ఎవరు ఎంత మోయాలన్నది మళ్లీ బేరానికి వస్తుంది.