ఆన్‌లైన్ క్యాసినో: మొదటి పందేనికి ముందు తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్ క్యాసినో ఆటలు జనం చేతికి అందకముందే వాటి లెక్కలు సరిచూడటం నా వృత్తి. ఆట తయారుచేసినవాళ్లు చెప్పిన శాతం నిజమేనా, ఫలితాలు ఏ వరసకూ లొంగకుండా వస్తున్నాయా అని కంప్యూటర్‌లో ఆటను కోట్లసార్లు తిప్పి చూస్తాం. నా పని తెలిసినవాళ్లు సాధారణంగా అడిగేది ఒక్కటే: "ఏ ఆట ఆడితే గెలుస్తాం?" గంటకు ఎంత పోతుందని మాత్రం అడగరు. కొత్తవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది అదే. ఎందుకంటే దానికి కచ్చితమైన లెక్క ఉంది, ఆ లెక్క వేయడానికి గుణకారం వస్తే చాలు.

అపోహ: "96 శాతం తిరిగి ఇస్తుందంటే, వెయ్యి పెడితే నలభై మాత్రమే పోతుంది"

నేను అన్నిటికన్నా ఎక్కువగా వినేదీ, అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ ఈ అపోహే. బొమ్మల చక్రాలు తిరిగి ఆగే స్లాట్ ఆటల వివరాల్లో ఆర్‌టీపీ అని ఒక శాతం కనిపిస్తుంది. కాసిన పందేల మొత్తంలో దీర్ఘకాలంలో ఆటగాళ్లందరికీ కలిపి ఎంత వెనక్కి వస్తుందో అది చెబుతుంది. ఇక్కడ పట్టుకోవాల్సిన మాట "కాసిన పందేల మొత్తం". ఖాతాలో మీరు వేసిన డబ్బుకూ ఆ శాతానికీ నేరుగా సంబంధం లేదు.

ఖాతాలో 1000 వేసి, స్పిన్‌కు, అంటే చక్రాలు ఒక్కసారి తిప్పడానికి, 10 చొప్పున ఆడుతున్నారనుకుందాం, కరెన్సీ ఏదైనా సరే. వంద స్పిన్‌లకు వెయ్యి పందెం పూర్తవుతుంది, సగటున 960 మిగులుతుంది. ఆ 960 తీసుకుని ఎవరూ లేచి వెళ్లరు. దాన్నే మళ్లీ కాస్తారు, మిగిలినదాన్ని మళ్లీ కాస్తారు. ప్రతి పందెంలో సగటున 4 శాతం తరుగుతూ ఉంటే, మొత్తం పందేలు 25,000కు చేరేసరికి ఆ వెయ్యి పూర్తిగా కరిగిపోతుంది. అంటే సుమారు 2500 స్పిన్‌లు. ఆరు సెకన్లకు ఒక స్పిన్ చొప్పున తిప్పితే నాలుగు గంటల పైచిలుకు. ఇది సగటు లెక్క. నిజంగా ఆడినప్పుడు కొందరి వెయ్యి అరగంటలో పోతుంది, కొందరికి మధ్యలో రెట్టింపు అవుతుంది. ఆ ఎగుడుదిగుడులే మనిషిని కుర్చీలో కూర్చోబెడతాయి.

వేగం సంగతి ఇంకాస్త వివరంగా చూద్దాం. ఆరు సెకన్లకు ఒక స్పిన్ అంటే గంటకు 600 స్పిన్‌లు. పదేసి చొప్పున 6000 పందెం, అందులో 4 శాతం 240. అంటే గంటకు సగటు నష్టం 240. అదే పది చొప్పున, రౌలెట్‌లో, అంటే అంకెల చక్రం మీద బంతి ఎక్కడ ఆగుతుందో పందెం కాసే ఆటలో, మనిషి తిప్పే ఒకే సున్నా బల్ల దగ్గర గంటకు 40 సార్లు ఆడితే మొత్తం పందెం 400. అక్కడ క్యాసినో వాటా, అంటే పందేల్లో సగటున దానికి మిగిలేది, 2.7 శాతం కాబట్టి సగటు నష్టం 11 లోపే. శాతాల్లో తేడా చూస్తే స్వల్పం. గంటకు పోయే డబ్బులో తేడా ఇరవై రెట్ల పైమాట. కొత్తవాళ్లు శాతాన్ని చూస్తారు, వేగాన్ని చూడరు. బ్రిటన్ నియంత్రణ సంస్థ 2021 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ స్లాట్లలో ఒక్కో స్పిన్‌కు కనీసం 2.5 సెకన్లు పట్టాలని నిర్దేశించింది, ఆట తనంతట తానే తిరుగుతూ పోయే సదుపాయాన్నీ నిషేధించింది. నా దృష్టిలో ఆటగాళ్లకు అంతగా మేలు చేసిన నిబంధనలు తక్కువ.

మరో విషయం కూడా చెప్పాలి. ఒకే పేరు, ఒకే బొమ్మలు ఉన్న స్లాట్ ఒక చోట 96 శాతానికీ, మరో చోట 94కో అంతకన్నా తక్కువకో అమర్చి ఉండవచ్చు. చాలా ఆటలను పలు శాతాలతో తయారుచేస్తారు, ఏది పెట్టుకోవాలో నిర్వాహకులు ఎంచుకుంటారు. కాబట్టి ఆట గురించి ఇంకెక్కడో చదివిన శాతం పనికిరాదు. మీరు తెరిచిన ఆటలోని సహాయ పేజీ చదవాలి. 96 నుంచి 92కి తగ్గడం చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, మీ నష్టం వేగం రెట్టింపు అవుతుంది.

అపోహ: "వరసగా నలుపే వచ్చింది, ఇక ఎరుపు రావాల్సిందే"

1913 ఆగస్టు 18న మాంటె కార్లో క్యాసినోలోని ఒక రౌలెట్ బల్ల మీద వరసగా 26 సార్లు నలుపే పడింది. ఇక ఎరుపు తప్పదని జనం పందేలు పెంచుకుంటూ పోయి భారీగా నష్టపోయారు. చక్రానికి జ్ఞాపకం లేదు, యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే ప్రోగ్రాముకూ గత ఫలితాలతో పని లేదు. పెద్ద జాక్‌పాట్ ఇచ్చిన స్లాట్ "చల్లబడటం", చాలాసేపు ఇవ్వనిది "వేడెక్కడం", అర్ధరాత్రి ఎక్కువ ఇవ్వడం, ఇవన్నీ ఇదే అపోహకు వేర్వేరు వేషాలు. గత ఫలితాల పట్టికను తెర మీద అంత శ్రద్ధగా ఎందుకు చూపిస్తారని అడగవచ్చు. ఆ పట్టిక చూసినవాళ్లకు ఏదో వరస కనిపిస్తుంది, కనిపించినవాళ్లు పందెం కాస్తారు.

ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేసే పద్ధతి కూడా ఈ అపోహకు చుట్టమే. దాన్ని మార్టింగేల్ అంటారు. ఒకటితో మొదలుపెట్టి, ఓడితే రెండు, మళ్లీ ఓడితే నాలుగు. ఎప్పుడు గెలిచినా పాతదంతా తీరి ఒకటి మిగులుతుంది. వినడానికి లోపం లేనట్టే ఉంటుంది. ఒకే సున్నా ఉన్న రౌలెట్‌లో ఎరుపు మీద కాస్తే వరసగా పదిసార్లు ఓడే అవకాశం సుమారు 784లో ఒకటి. పదిసార్లు ఓడితే పోయేది 1023. అంటే 783 సార్లు ఒక్కొక్కటిగా కూడబెట్టినది ఆ ఒక్కసారితో పోయి, పైన 240 అప్పు మిగులుతుంది. పదకొండోసారి 1024 కాద్దామంటే బల్లకు గరిష్ఠ పరిమితి అడ్డొస్తుంది, లేదా జేబు అడ్డొస్తుంది. పందేల వరస ఎలా మార్చినా క్యాసినో వాటా మారదు. ఆ వాటా చెల్లింపులోనే ఉంది. రౌలెట్‌లో 37 అంకెల మీదా ఒక్కొక్కటి కాయండి, మీకు తిరిగి వచ్చేది 36. రెండు సున్నాలున్న చక్రం మీద 38 కాస్తే వచ్చేదీ అదే 36. అందుకే దాని వాటా 5.26 శాతం. సున్నాలు రెండు కనిపిస్తే ఆ బల్ల వదిలేయండి.

అపోహ: "కొద్దిలో తప్పింది, దగ్గర పడుతున్నాను"

రెండు జాక్‌పాట్ బొమ్మలు వచ్చి, మూడోది గెలుపు గీతకు ఒక్క మెట్టు పైన ఆగుతుంది. ఇది చూసి గుండె ఝల్లుమనని ఆటగాడు ఉండడు. దీని వెనక పనితీరు తెలిస్తే ఆ ఝల్లు కొంతైనా తగ్గుతుందని నా నమ్మకం.

పాతకాలపు స్లాట్ యంత్రంలో చక్రం మీద ఎన్ని స్థానాలుంటే అన్నే అవకాశాలు. 1984లో ఇంగె టెల్నేస్ అనే ఇంజనీరుకు అమెరికాలో వచ్చిన పేటెంటు ఆ పద్ధతిని మార్చేసింది. ఫలితాన్ని యాదృచ్ఛిక సంఖ్య నిర్ణయిస్తుంది, కనిపించే చక్రం దాన్ని చూపిస్తుందంతే. దాంతో కనిపించే చక్రంలో జాక్‌పాట్ బొమ్మకు ఒకే ఒక్క సంఖ్యనూ, దాని పక్కనున్న ఖాళీలకు ఎన్నో సంఖ్యలనూ కేటాయించే వీలు కలిగింది. కంటికి అన్ని స్థానాలూ సమానంగానే కనిపిస్తాయి, లోపల కావు. ఆన్‌లైన్ స్లాట్‌లోనూ మీరు మీట నొక్కగానే ఫలితం తేలిపోతుంది. ఆ తర్వాత తిరిగే బొమ్మలన్నీ ప్రదర్శన. మీరు దేనికీ దగ్గరగా రాలేదు, దూరంగానూ లేరు.

కేంబ్రిడ్జి పరిశోధకులు 2009లో ప్రచురించిన మెదడు స్కానింగ్ అధ్యయనం ఈ విషయంలో ముఖ్యమైనది. కొద్దిలో తప్పిన ఫలితాలు, గెలిచినప్పుడు స్పందించే మెదడు భాగాల్లోనూ కదలిక తెచ్చాయి. పాల్గొన్నవాళ్లకు ఆ ఫలితాలు నచ్చలేదు. అయినా బొమ్మను తామే ఎంచుకున్నప్పుడు, మళ్లీ ఆడాలన్న కోరిక మాత్రం పెరిగింది.

ఇలాంటిదే మరొకటి. 20 కాసిన స్పిన్‌లో 6 వస్తుంది, సంగీతం మోగుతుంది, నాణేలు రాలుతున్న బొమ్మ కనిపిస్తుంది. మీరు 14 పోగొట్టుకున్నారు, తెర మాత్రం అభినందిస్తోంది. బ్రిటన్‌లో దీన్నీ నిషేధించారు. మిగతా చాలా చోట్ల ఇంకా నడుస్తోంది. ధ్వని ఆపేసి, ప్రతి పావుగంటకూ ఖాతాలో మిగిలింది చూసుకుంటే నిజం తెలుస్తుంది.

అపోహ: "బోనస్ ఉచిత డబ్బు"

100 బోనస్, 35 రెట్ల పందెం షరతు. అంటే బోనస్ మీద గెలిచింది విత్‌డ్రా చేసుకోవాలంటే 3500 పందెం పూర్తిచేయాలి. 4 శాతం వాటా ఉన్న స్లాట్‌లో ఆ 3500కు సగటు నష్టం 140. వందకోసం నూట నలభై! షరతు డిపాజిట్‌కూ బోనస్‌కూ కలిపి ఉంటే, వందకు వంద ఇచ్చిన చోట 7000 కాయాలి, నష్టం 280. వాటా తక్కువున్న బ్లాక్‌జాక్‌లో (21 దాటకుండా డీలర్‌ను మించాల్సిన పేకాట) ఈ షరతు తీర్చుకుందామనుకుంటే, బల్ల ఆటల పందేల్లో పదోవంతే లెక్కలోకి తీసుకోవడం, అసలే తీసుకోకపోవడం పరిపాటి. గడువు, గరిష్ఠ పందెం పరిమితి కూడా ఉంటాయి. ఆ పరిమితి ఒక్కసారి దాటినా గెలిచినదంతా రద్దు చేసే నిబంధనలు నేను చదివాను. బోనస్ వద్దని చెప్పే వీలు చాలా చోట్ల ఉంటుంది. కొత్తవాళ్లకు నా సలహా అదే.

అపోహ: "నైపుణ్యం ఉంటే క్యాసినోను ఓడించవచ్చు"

స్లాట్, రౌలెట్‌లలో నైపుణ్యానికి చోటు లేదు. బ్లాక్‌జాక్‌లో కొంత ఉంది. ఏ చేతికి ఏం చేయాలో చెప్పే ప్రాథమిక వ్యూహం పాటిస్తే, మంచి నిబంధనలున్న బల్ల మీద క్యాసినో వాటా అరశాతం దగ్గరికి తగ్గుతుంది. తగ్గుతుందే కానీ పోదు. బ్లాక్‌జాక్ పడినప్పుడు, అంటే మొదటి రెండు పేకలతోనే 21 వచ్చినప్పుడు, 3:2కు (రెండు కాస్తే మూడు గెలుపు) బదులు 6:5 చెల్లించే బల్ల అయితే ఆ వాటా ఒక్కసారిగా సుమారు 1.4 శాతం పెరుగుతుంది. పేకలు లెక్కపెడదామంటే, సాఫ్ట్‌వేర్ నడిపే ఆటలో ప్రతి చేతికీ పేకలన్నీ కొత్తగా కలుస్తాయి, లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు.

అపోహ: "అన్నీ మోసమే", "అన్నీ భద్రమే"

రెండూ తప్పే. గట్టి నియంత్రణ ఉన్న చోట ఆటలో మోసం చేయాల్సిన అవసరమే క్యాసినోకు లేదు, నియమాలే దానికి డబ్బు తెస్తాయి. లైసెన్సు లేని చోట అలాంటి హామీ ఉండదు. పేరున్న ఆటలకు నకళ్లు చేసి, లెక్క మార్చి నడిపే సైట్లు ఉన్నాయి. పేజీ అడుగున ఉన్న లైసెన్సు ముద్ర రుజువు కాదు. ఆ నంబరును నియంత్రణ సంస్థ సొంత జాబితాలో వెతకాలి. ప్రతి ఫలితాన్నీ మీరే సరిచూసుకోవచ్చని చెప్పే క్రిప్టో సైట్లలో కూడా, ఫలితం తర్వాత మార్చలేదని మాత్రమే తెలుస్తుంది. వాటా ఎంతో అది చెప్పదు.

అసలు మీరున్న చోట ఇది చట్టబద్ధమా అన్నది అన్నిటికన్నా ముందు చూడాలి. బ్రిటన్‌లో లైసెన్సుతో నడుస్తుంది. భారత్‌లో 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నిషేధం ఉన్న చోట విదేశీ సైట్‌లో గెలిచింది చేతికి రాకపోతే ఫిర్యాదు చేసే దారి ఉండదు.

డబ్బు వేయడం క్షణాల్లో జరుగుతుంది, తీసుకోవడానికి గుర్తింపు పత్రాలు అడుగుతారు. మొదటి డిపాజిట్‌కు ముందే వాటిని ఇచ్చి, తనిఖీ పూర్తిచేయించుకోండి. విత్‌డ్రా కోరాక వేచిచూసే రోజుల్లో ఆ కోరికను రద్దు చేసుకునే మీట కనిపిస్తే ముట్టుకోవద్దు.

అపోహ: "వ్యసనం మనసు గట్టిగా లేనివాళ్లకే"

అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో జూద రుగ్మతను మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల వర్గంలోకి చేర్చింది. పోయింది రాబట్టుకోవడానికి మళ్లీ ఆడటం, ఎంత పోయిందో ఇంట్లో దాచడం, అప్పు తెచ్చి కాయడం, ఇవి దాని లక్షణాలు. లెక్కలు బాగా వచ్చినవాళ్లూ ఇందులో చిక్కుకోవడం నేను చూశాను, నా రంగంలోనే చూశాను. ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు.

ఆడాలని నిర్ణయించుకుంటే, డబ్బు వేయకముందే ఖాతాలో డిపాజిట్ హద్దు పెట్టండి. మంచి నియంత్రణ ఉన్న చోట హద్దు తగ్గింపు వెంటనే అమలవుతుంది, పెంచమంటే కనీసం 24 గంటలు ఆగాలి. ఓడిపోతున్నప్పుడు ఆ 24 గంటల విలువ తెలుస్తుంది. హద్దు పెట్టే వీలే లేని సైట్‌లో ఖాతా తెరవవద్దు. చేయి దాటుతోందనిపిస్తే బ్రిటన్‌లో గామ్‌స్టాప్, స్వీడన్‌లో స్పెల్‌పౌస్ వంటి జాబితాల్లో పేరు చేర్పించుకుంటే లైసెన్సున్న సైట్లన్నీ ఒకేసారి మూసుకుపోతాయి. అవి లేని చోట ఫోనులో అడ్డుకట్ట వేసే యాప్‌లున్నాయి, జూదం చెల్లింపులు ఆపేసే బ్యాంకులున్నాయి. వాటితోపాటు ఇంట్లో ఒక్కరికైనా పోయిన మొత్తం ఎంతో ఉన్నదున్నట్టు, అంకెతో సహా చెప్పండి. ఈరోజే చెప్పండి.